సగం రోజు కూలి

చిత్తూరు కోర్టు గోడ వారన
రేకుల పందిరి కింద నా కంప్యూటరు.
పేజీకి ముప్పై. జెరాక్సు వేరే.
ఇరవై రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల తగవులన్నీ
నా వేళ్ళ కిందుగానే లోపలికి పోతున్నాయి.

ఆ పొద్దు, ఉచిత న్యాయసహాయం చూసే రెహానా మేడం
ఒకామెను వెంటబెట్టుకొచ్చింది.
దేశమ్మ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలి.
కుడిచేతిని కొంగులో చుట్టుకుని
నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకోనుంది.

మేడం అడుగుతోంది, నేను కొడుతున్నాను.

వయసు?
ఆధార్‌లో యాభై మూడు.
"కాదు సార్, నీవానది పొంగి మా కొట్టం కూలిన ఏడు పుట్టినా.
నలభై ఆరో, ఏడో.
కార్డు రాసే పిల్లోడు నా మొగం చూసి ఏసేసినాడు."
వయసు పెరిగే కొద్దీ పరిహారం తగ్గుతుందంది మేడం.
"అట్లయితే వానికి చెప్పుండాల్సింది," అని దేశమ్మ నవ్వింది.

పోయిన వేళ్ళు?
మూడు. చూపుడు, నడిమి, ఉంగరం.
పట్టికలో వేలికింత శాతమని ఉంది.
"పేలు చూసేదానికి రెండేళ్ళు కావాల గదమ్మా,
దానికెంత?"
మేడం పట్టిక మూసేసింది.

జరిగిన తీరు?
తోతాపురి లారీలు గేటు బయట బారులు.
మిషన్లో టెంక ఇరుక్కుంటే
ఆపకుండానే తీయమన్నాడు మేస్త్రీ నాగభూషణం.
"ఆపితే గుజ్జు నల్లబడతాదంట."

నోటీసుకు ఫ్యాక్టరీ జవాబు ఒకటిన్నర లైను:
ఈమె మా మనిషి కాదు. మస్టరులో పేరు లేదు.
టోకెను, ఆమె ఆసుపత్రిలో ఉండగానే మేస్త్రీ పట్టుకుపోయాడు.
పోతూ పోతూ పదివేలూ ఒక పెట్టె పండ్లూ పెట్టి
తెల్లకాయితం మీద నిశాని అడిగాడు.
పండ్లు వీధంతా పంచింది. కాయితం పొయ్యిలోకి.
"దుడ్లు ఖర్చయిపోయినాయి సార్, అబద్ధమెందుకు."

సాక్షులు?
జతగా నిలబడి టెంకలు ఏరినోళ్ళు పద్నాలుగు మంది.
వచ్చే సీజనుకు వాళ్ళకూ పని కావాల.
108 బండి పుస్తకం ఒక్కటే నోరు విప్పింది:
ఎక్కించుకున్న చోటు, రెండో గేటు. పదకొండూ పది.
ఆ నకలు కోసం మేడం నాలుగుసార్లు తిరిగింది.
"గేటు బయట పడిందంటారు," అని గొణిగింది.

కూలి?
"దినానికి మూడు నూర్ల యాభై."
కొట్టి, కింది గడికి పోబోయాను.
"ఆ దినానికి మాత్రం నూటా డెబ్బై అయిదే సార్.
పదకొండుకే దిగిపోతిని గదా, సగం రోజంట."

నా వేళ్ళు ఆగాయి.
మేడం గొంతు మారింది. "ఎవరిచ్చారు? చేతికా?"
"లేదమ్మా, మా పాప ఫోనుకు పడింది."
ఆ పిల్ల పగిలిన అద్దం మీద వెనక్కి వెనక్కి తోసి చూపించింది.
నాగభూషణం. ఆ తేదీ. రాత్రి ఎనిమిదీ ఇరవై.
నూటా డెబ్బై అయిదు.
మస్టరులో లేని మనిషికి
సగం రోజు కోసి పంపిన కూలి.

"ప్రత్యేక పేరాగా కొట్టండి," అంది మేడం.

సంతకం చోట నేను సిరా మెత్త జరిపితే
దేశమ్మ పక్కకు తోసింది.
రాత్రిబడిలో నేర్చిన పేరు.
బొటనవేలికీ చిటికెనవేలికీ నడుమ పెన్ను ఇరికించి
గీస్తుంటే శ కాలు జారి గీత కిందికి పడింది.
ఎవరూ దిద్దమనలేదు.

మేడం అరవై రూపాయలిచ్చింది.
వద్దన్నానని రాస్తే బాగుంటుంది. అనలేదు.

సాయంత్రం పందిరి ఖాళీ అయ్యాక
కుడిచేతి ఆ మూడు వేళ్ళూ మడిచిపెట్టి
ఆమె పేరు కొట్టి చూశాను.
ద పడలేదు. శ పడలేదు.
చివరి మ్మ ఒక్కటే తెర మీద మిగిలింది,
ఎవరినో పిలవబోయి ఆగినట్టు.

వాయిదా జూన్‌లో పడింది.
అప్పటికి లారీలు మళ్ళీ ఈ రోడ్డునే వస్తాయి.
ఆ నెలంతా
నా కాయితాలకు మామిడి వాసన.